జిగురు పెట్టని మెషీను

నవంబరు 21, 2008, శుక్రవారం

ఉత్తర్వు వచ్చేసింది. ఇక నుంచి సైన్యం కంప్యూటర్లలో ఏ ఒక్కదానికీ థంబ్ డ్రైవు తగలకూడదు. కెమెరా, మెమరీ కార్డు, పాటలు వినే డబ్బా, ఏదీ కూడదు. ఏదో వైరస్ ఈ డ్రైవుల మీద ఎక్కి ఒక మెషీను నుంచి ఇంకో మెషీనుకు షికార్లు చేస్తోందట.

మా స్క్వాడ్రన్‌లో కంప్యూటర్ల భద్రత చూసేది ఎవరు? సార్జెంట్ సోల్వే బ్రెక్కే, అంటే నేనే. పదోన్నతులకు పేర్లు రాసేటప్పుడు రెండేళ్ళుగా ఎవరికీ గుర్తు రాని పేరు, తిట్లు తినే పని రాగానే అందరికీ గుర్తొచ్చింది. సరే, అప్పగించారు కాబట్టి చేస్తాను. ఒక్క కన్నం మిగలకుండా చేస్తాను. ఏడ్చేవాళ్ళు ఏడవనీ.

నవంబరు 24

ఖాళీ కాఫీ డబ్బా పట్టుకుని డ్రైవుల వసూలుకు బయల్దేరాను. తోడుగా డెల్ఫీన్ వచ్చింది. విమానాల మరమ్మతులకు షెడ్యూలు వేసే పని వదిలేసి మరీ వచ్చింది. ఈ ఎయిర్ బేస్‌లో నా పక్కన కూర్చుని భోజనం చేసే మనిషి డెల్ఫీన్ అజూర్ ఒక్కతే.

"ధర్మం చెయ్యండి బాబూ, ధర్మం! ఉన్నవాళ్ళు రెండెయ్యండి, లేనివాళ్ళు ఒకటెయ్యండి!" అని హ్యాంగర్ అంతా డబ్బా గలగలలాడించింది.

పోయిన క్రిస్మస్‌కి కమాండర్ కల్నల్ ప్రూయిట్ అందరికీ తలా ఒక డ్రైవు పంచారు. దాని మీద మా స్క్వాడ్రన్ గుర్తు: పానా పట్టుకున్న గద్ద. డబ్బాలో పడ్డవన్నీ గద్దలే. ఇంజన్ల దగ్గర ఒక ముసలి మెకానిక్ ఇవ్వనని మొండికేశాడు.

"విమానం రికార్డులు ఈ మెషీను నుంచి ఆ మెషీనుకి ఎలా మొయ్యమంటావ్? నెత్తిన పెట్టుకునా?"

"సీడీ మీద రాసుకో."

"అది రాయడం అయ్యేసరికి నేను రిటైరైపోతా."

"అయితే ఎవరికీ నష్టం లేదు," అని డబ్బా వాడి ముక్కు కిందకి తోసింది డెల్ఫీన్. వేశాడు.

నవంబరు 26

మెషీన్లకు డ్రైవులు గుచ్చే కన్నాలున్నాయి కదా, వాటికి జిగురు పెట్టాలన్నది నా ఆలోచనే. ఉత్తర్వులో లేదు. మనుషుల్ని నమ్మమంటే ఎంతవరకు నమ్మను? ఈ డకోటాలో చలికాలం వస్తే ఇంజను గడ్డకట్టకుండా కార్లకు కూడా కరెంటు తోక తగిలించి గోడ ప్లగ్గులో గుచ్చుతాం. కన్నం కనిపిస్తే ఏదో ఒకటి గుచ్చందే ఇక్కడివాళ్ళ చెయ్యి ఊరుకోదు.

మెకానిక్కుల దగ్గర గట్టి జిగురు తెచ్చాను. రెండు గొట్టాల్లోది కలిపి పూస్తే రాయిలా బిగుస్తుంది. పొద్దున్నుంచి గది తర్వాత గది పూసుకుంటూ పోయాను. డెల్ఫీన్ గదిలో ఎవరో బల్ల తుడవడానికి మౌసూ కీబోర్డూ ఊడదీసి పెట్టారు. నేను చూడలేదు. వరసగా ఉన్న కన్నాలన్నీ పూసేశాను. రేపు థాంక్స్‌గివింగ్ సెలవు. ఈరోజే వారం షెడ్యూలు పంపాలి. మౌసు పెట్టడానికి చోటు లేదు.

డెల్ఫీన్ నేలమీద కూలబడి నవ్వింది. "బ్రెక్కీ, శత్రువులు పని గట్టుకుని వచ్చినా మన విమానాల్ని ఇంత బాగా ఆపలేరే! నీకు వాళ్ళ దగ్గర జీతం ఉందా ఏంటి?"

షెడ్యూలు పక్క గదిలోంచి పంపింది. ఆమెకు కొత్త మెషీను తెప్పించాలి.

డిసెంబరు 1

మిగిలింది కల్నల్ గారి గది. ఆయన బల్ల మీద రెండు మెషీన్లు పక్కపక్కనే ఉంటాయి. ఆకుపచ్చ లేబుల్ అంటించినది మామూలు ఉత్తరాలకు. ఎర్ర లేబుల్‌ది రహస్యాలకు.

"నా మెషీనుకి జిగురా?" అన్నారు. కుర్చీలోంచి లేవలేదు.

"అందరికీ పెట్టాను సర్."

"నేను అందరిలో ఒకణ్ణి కాదు కదా సార్జెంట్. నేను కమాండర్ని. నాకు నేను కాపలా కాసుకోగలను."

ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. అడిగాను. వద్దన్నారు.

డిసెంబరు 9

డెల్ఫీన్‌కు కొత్త మెషీను వచ్చింది. దానికి జిగురు పెట్టాలి.

డిసెంబరు 15

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడింది!

పొద్దున్నే నెట్‌వర్క్ వాళ్ళు ఫోన్ చేశారు. "మీ స్క్వాడ్రన్‌లో ఎర్ర మెషీను ఒకటి ఏదో మింగింది. ఎవరిదో చూడండి," అని. ఎవరిదో చూడక్కర్లేదు. జిగురు పెట్టని ఎర్ర మెషీను మా దగ్గర ఒక్కటే.

నేను వెళ్ళేసరికి డ్రైవు ఇంకా దాంట్లోనే ఉంది. గద్ద బయటికి చూస్తోంది. కల్నల్ గారి ముఖం ఉడికించిన బీట్‌రూట్‌లా ఉంది.

"శుక్రవారం పార్టీ ఫోటోలు. మా ఆవిడ అడిగింది. పొరపాటున పక్కదాంట్లో పెట్టాను."

"ఆ పక్కదాంట్లో పెట్టినా తప్పే సర్."

"ఫోటోలు సార్జెంట్! క్రిస్మస్ ఫోటోలు!"

"ఎర్ర మెషీనులో పెట్టినది ఏదైనా రహస్యమే అయిపోతుంది సర్. డ్రైవు మీకు తిరిగి ఇవ్వకూడదు. అందులో మీరు శాంటా టోపీ పెట్టుకున్న ఫోటో ఉంటే అది కూడా ఇప్పుడు దేశ రహస్యమే."

ఇది నేను నవ్వకుండా అన్నాను. అందుకు నాకు పతకం ఇవ్వాలి. డ్రైవు సంచిలో వేసి సీలు వేసి, జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి పైకి పంపాను. పేరు దగ్గర పేరు, హోదా దగ్గర హోదా.

డిసెంబరు 19

జవాబు వచ్చింది. "సదరు సంఘటన కమాండర్ పర్యవేక్షణలో జరిగిన అనుమతి పొందిన పరీక్ష. తదుపరి చర్య అవసరం లేదు."

పరీక్షట. రక్షణ ఎలా ఉందో చూద్దామని ఆయనే కావాలని పెట్టారట.

డెల్ఫీన్‌కు చెప్తే సూప్ గిన్నె పక్కకి పెట్టి మరీ నవ్వింది. "మరి పాసయ్యాడా?" అంది.

నేను కూడా నవ్వాను. గొడవ పెట్టుకోలేదు. క్రిస్మస్ ముందు ఎందుకని.

డిసెంబరు 20

పరీక్షట!

జనవరి 14

మైనస్ ముప్ఫై. కారు ప్లగ్గు మర్చిపోయిన ప్రతివాడూ ఆలస్యం. నేను మర్చిపోలేదు.

ఫిబ్రవరి 3

ఈరోజు రాయాలని లేదు.

ఫిబ్రవరి 4

నెట్‌వర్క్ వాళ్ళు నిన్న మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి ఆకుపచ్చ మెషీను. షెడ్యూళ్ళ గది.

డెల్ఫీన్ పాటల డబ్బాకు ఛార్జింగ్ అయిపోయింది. మధ్యాహ్నం పరుగుకు వెళ్ళాలి, పాటలు లేనిదే పరిగెత్తదు. మెషీనుకు గుచ్చి పక్క గదికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గుమ్మంలో నేను ఉన్నాను.

"ఛార్జింగే కదే," అంది.

"నీకు మూడుసార్లు చెప్పాను."

"చెప్పావ్. మర్చిపోయా. తీసేస్తున్నా చూడు, తీసేశా. ఐపోయింది."

"నెట్‌వర్క్ వాళ్ళకి కనబడిపోయింది డెల్ఫీన్. రిపోర్టు రాయాలి."

అప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు ఎలా ఉందో రాయను.

"రాయవే, రాయి," అంది. "నేనేం కల్నల్‌ని కాదుగా పరీక్ష అని చెప్పడానికి."

రాశాను. పేరు దగ్గర పేరు, హోదా దగ్గర హోదా. రూలు స్నేహితులకొకటి, శత్రువులకొకటి ఉండదు. కల్నల్ మీద రాసినదాన్ని డెల్ఫీన్ మీద రాయకపోతే నన్ను ఏమనాలి? నాకేం బాధ లేదు.

ఆ కొత్త మెషీనుకు జిగురు పెట్టలేదు. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 9

నాలుగు రోజుల్లో జవాబు వచ్చేసింది. డెల్ఫీన్‌ది పరీక్ష కాదట. "ఉద్దేశపూర్వక ఉల్లంఘన." రహస్యాలు చూసే అర్హత ఆపేశారు. అది లేనిదే షెడ్యూళ్ళ గది తలుపు కూడా తెరుచుకోదు. తేలేవరకు జిమ్‌లో తువ్వాళ్ళు ఇచ్చే కౌంటర్‌లో కూర్చోబెట్టారు. అర్హత పోయినవాళ్ళందరినీ అక్కడికే పంపుతారు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

ఫిబ్రవరి 10

డెల్ఫీన్ భోజనానికి రాలేదు. నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 11

రాలేదు.

ఫిబ్రవరి 13

డెల్ఫీన్ గదిలో మెషీనుకు జిగురు పెట్టాను. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరూ లేరు. అయినా పెట్టాను. పని పనే.

ఫిబ్రవరి 20

టిబ్స్ గారు నన్ను పిలిచి తలుపు వేశారు. మా ఫస్ట్ సార్జెంట్. స్క్వాడ్రన్‌లో ఎవరి కాపురం కూలినా, ఎవరి కొడుకు తప్పతాగినా ముందు ఆయనకే తెలుస్తుంది.

"అజూర్ ఒప్పందం ఏప్రిల్లో అయిపోతుంది. తెలుసా నీకు?"

తెలుసు. కావాలనే ఆలోచించలేదు.

"అర్హత లేకపోతే మళ్ళీ సంతకం పెట్టనివ్వరు. పదిహేడేళ్ళు చేసింది. ఇరవై నిండకుండా బయటికి పోతే పెన్షనూ లేదు, ఏమీ లేదు. ఒక దండ వేసి పంపేస్తారు."

"పాటల డబ్బా పెట్టినందుకా?"

"పాటల డబ్బా పెట్టినందుకే."

"మరి కల్నల్ పెట్టినది? ఎర్ర మెషీనులో, టిబ్స్ గారూ. ఎర్రది!"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, నాకు మాత్రం తెలీదా? ఆ సంగతి కాగితం మీద పరీక్ష అని ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని నేను కాదనలేను. నువ్వెళ్ళి ఆయన్ని అడిగి చూడు. మర్యాదగా అడుగు. నీ మర్యాద నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా."

ఫిబ్రవరి 23

అడిగాను. మర్యాదగానే అడిగాను.

"అజూర్ మంచి మనిషి," అన్నారు కల్నల్. "నాకూ జాలే. కానీ ఒకళ్ళని వదిలేస్తే రేపు పదిమంది పెడతారు. ఈ పని మొదలుపెట్టింది నువ్వే. నీకు నేను చెప్పాలా?"

"డిసెంబరులో..."

"డిసెంబరుది పరీక్ష. అది ముగిసింది సార్జెంట్."

తర్వాత సొరుగు తెరిచి ఒక కాగితం బల్ల మీద పెట్టారు. నా పదోన్నతికి సిఫార్సు. ఈసారి స్క్వాడ్రన్‌లో అందరికంటే పైన నా పేరు.

"కష్టపడేవాళ్ళని నేను మర్చిపోను. ఒక్క కన్నం వదల్లేదు నువ్వు," అన్నారు.

మీ కన్నం వదిలాను కదా సర్ అని నోటి చివరి దాకా వచ్చింది. థాంక్స్ అని చెప్పి వచ్చేశాను. మర్యాద కోసం.

ఫిబ్రవరి 24

మర్యాద కోసమే.

ఫిబ్రవరి 27

జిమ్‌కు వెళ్ళాను. నేను జిమ్‌కు వెళ్ళి ఎన్నాళ్ళయిందో ఆ భగవంతుడికే తెలియాలి. కౌంటర్ వెనక డెల్ఫీన్ తువ్వాళ్ళు మడత పెడుతోంది. విమానాల షెడ్యూళ్ళు ఎంత నీటుగా వేసేదో ఇవీ అంత నీటుగా పేర్చింది.

"కార్డు," అంది, తలెత్తకుండా. కార్డు ఇస్తేనే తువ్వాలు ఇస్తారు, తువ్వాలు తిరిగిస్తేనే కార్డు ఇస్తారు.

"డెల్ఫీన్, నేను కల్నల్‌తో మాట్లాడాను."

"కార్డు ఉందా లేదా?"

"మాట్లాడానంటున్నా కదే."

"ఏమన్నాడు?"

నేను కార్డు కోసం జేబులు తడిమాను. ఆమె తలెత్తింది.

"నీకేదో ఇస్తానన్నాడు," అంది. "నీ మొహం చూస్తే తెలుస్తోంది బ్రెక్కీ. క్రిస్మస్ చెట్టు కింద నీకేం పెట్టాడు?"

"నేనేం తీసుకోలేదు."

"వద్దన్నావా?"

కార్డు ఇచ్చి తువ్వాలు తీసుకున్నాను. పరిగెత్తలేదు. బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కాసేపు కూర్చుని తువ్వాలు తిరిగి ఇచ్చేశాను. కార్డు బల్ల మీద జారవిడిచింది.

మార్చి 2

వద్దనలేదు. నిజం. వద్దనలేదు.

మార్చి 6

ఈరోజు జరిగింది వరసగా రాస్తాను.

కమాండర్ ప్రసంగం రోజు. స్క్వాడ్రన్ మొత్తం హ్యాంగర్లో నిలబడింది. జిమ్ నుంచి డెల్ఫీన్ కూడా వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడింది. కల్నల్ గారు మొదట విమానాల గురించి మాట్లాడారు, తర్వాత మంచులో జాగ్రత్తగా బండి నడపమన్నారు. ఆ తర్వాత భద్రత ఎత్తుకున్నారు.

"మనలోనే ఒకరు మనల్ని తలదించుకునేలా చేశారు," అన్నారు. "పేరు చెప్పను. ఈ రూలుకు చిన్నా పెద్దా లేదు. కమాండర్ అయినా, నిన్న చేరిన కుర్రవాడైనా రూలు ఒక్కటే."

తలలన్నీ వెనక తలుపు వైపు తిరిగాయి. పేరు చెప్పనక్కర్లేదు కదా. డెల్ఫీన్ కదల్లేదు. గడ్డం పైకెత్తి ఎదురుగా చూస్తోంది.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నారు కల్నల్ గారు. ఈ మాట ప్రతిసారీ అంటారు. ఎవరూ అడగరు. అడగకపోవడమే ఆనవాయితీ. అందరి బూట్లూ అప్పుడే తలుపు వైపు జరుగుతాయి.

నేను చెయ్యెత్తాను.

నా పక్కవాడు "చెయ్యి దించు, భోజనానికి ఆలస్యమవుతోంది," అన్నాడు. దించలేదు.

"చెప్పు సార్జెంట్ బ్రెక్కే."

"సర్, రూలు కమాండర్‌కైనా ఒక్కటే అన్నారు. డిసెంబరులో మీ ఎర్ర మెషీనులో డ్రైవు పెట్టింది మీరే కదా సర్?"

హ్యాంగర్ పైకప్పు మీద పిచ్చుకలు ఉంటాయి. వాటి చప్పుడు వినిపించింది.

"అది అనుమతి పొందిన పరీక్ష," అన్నారు.

"ఏం పరీక్షించారు సర్?"

ఆయన చేతిలోని కాగితాలు సర్దుకున్నారు.

"అందులో ఉన్నవి క్రిస్మస్ ఫోటోలు అని నాతో చెప్పారు సర్. రిపోర్టు రాసింది నేను. సార్జెంట్ అజూర్ మీద రాసిందీ నేనే. రెండూ ఒకే చేత్తో రాశాను. ఒకటి పరీక్ష అయితే రెండోదీ పరీక్షే అవ్వాలి. రెండోది నేరం అయితే మొదటిదీ నేరమే. ఏది నిజమో చెప్తే రాసుకుంటాను సర్. కంప్యూటర్ భద్రత చూసేది నేను కాబట్టి నాకు తెలియాలి."

ఎవరో దగ్గారు. నవ్వు ఆపుకోవడానికి దగ్గే దగ్గు. కల్నల్ గారి మెడ నరం ఉబ్బింది.

"ఇది ఆ చర్చకు చోటు కాదు."

"ప్రశ్నలున్నాయా అని అడిగింది మీరే సర్. ఇంకొక్కటి. నా సిఫార్సు కాగితం మీ సొరుగులో ఉంది. అది నాకు వద్దు."

"ఇక వెళ్ళొచ్చు!" అని కేక పెట్టారు. ఆయన అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు.

నేను తిరిగి చూసేసరికి వెనక తలుపు దగ్గర డెల్ఫీన్ లేదు.

మార్చి 7

భయంగా ఉంది. భయంగా ఉన్నా మళ్ళీ అడగమంటే మళ్ళీ అడుగుతాను.

మార్చి 9

టిబ్స్ గారు కుర్చీ చూపించలేదు. అంటే నిలబడి వినాల్సిన సంగతి.

"మర్యాదగా అడగమన్నానా లేదా?"

"ప్రతి వాక్యానికీ సర్ అన్నాను టిబ్స్ గారూ."

"అన్నావ్. నేనూ విన్నాను. ఆ మాటతో ఒక మనిషి తోలు ఒలవొచ్చని పోయిన శుక్రవారమే తెలిసింది నాకు." తర్వాత గొంతు తగ్గించారు. "వినమ్మా. నీకు రాతపూర్వకంగా మందలింపు వస్తుంది. భద్రత పని నుంచి తీసేశారు. కౌంటర్‌కి వెళ్తున్నావ్."

"ఏ కౌంటర్?"

"నీకు తెలుసు ఏ కౌంటరో. ఇంకోటి. పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి రెండు ఫైళ్ళూ పట్టుకెళ్ళారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నారట. ఇది నేను నీకు చెప్పలేదు."

"ఏది?"

"సెభాష్," అన్నారు.

మార్చి 11

కౌంటర్ వెనక డెల్ఫీన్‌తో మొదటి రోజు. పొద్దున్నుంచి మధ్యాహ్నం వరకు ఒక్క మాట లేదు. తువ్వాళ్ళు మడత పెట్టడం కూడా నాకు రాదని ఆవిడ ముక్కుతో తెలియజేసింది. నేను మడిచినవన్నీ విప్పి మళ్ళీ మడిచింది.

ఆఖరికి నేనే అన్నాను. "నీ కోసమే అడిగాను."

"నేనడిగానా నిన్ను?" తువ్వాలు బల్ల మీద కొట్టింది. "అంతమందిలో అందరూ నావైపు తిరిగి చూశారు. పేరు చెప్పనని వాడైనా అన్నాడు. నువ్వు పేరు పెట్టి మరీ అరిచావ్. మా అమ్మాయి వాళ్ళ బడిలో కూడా తెలిసిపోయింది."

"వాడు నిన్ను బయటికి గెంటుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"ముందు రాసిందెవరే?"

"నేనే. రాయాల్సిందే, రాశాను. ఇప్పుడైనా రాస్తాను. నువ్వు పెట్టావు కాబట్టి రాశాను. వాడు పెట్టాడు కాబట్టి అడిగాను. నువ్వు మాట్లాడకపోతే మానెయ్. నేను చేసిన రెండిట్లో ఏదీ వెనక్కి తీసుకోను!"

ఒక లెఫ్టినెంట్ చెమటలు కక్కుతూ వచ్చి మమ్మల్ని చూసి, తువ్వాలు అడక్కుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా మళ్ళీ మాటల్లేవు. వెళ్ళేముందు నేను మడిచిన తువ్వాళ్ళలో ఒకదాన్ని ఆమె విప్పలేదు. అది బాగా కుదిరిందేమో. ఇంకేమీ కాకపోవచ్చు.

మార్చి 18

మాట్లాడలేదు. మంచు కరుగుతోంది. ఎక్కడ చూసినా బురద.

మార్చి 25

మాట్లాడలేదు. ఆమె ఒప్పందం ఏప్రిల్ 18 దాకా ఉంది. రాకపోకల్లో టిబ్స్ గారిని చూస్తాను. ఆయన తల అడ్డంగా ఊపుతారు.

ఏప్రిల్ 2

నాకు బాధగా ఉంది. చాలా బాధగా ఉంది. ఇన్నాళ్ళూ లేదని రాశాను. ఉంది.

ఏప్రిల్ 8

తేలింది!

ఆ ఇద్దరూ రెండు ఫైళ్ళూ చదివి, పరీక్షకు అనుమతి ఇచ్చిన కాగితం చూపించమని కల్నల్ గారిని అడిగారట. లేని కాగితం ఎక్కడినుంచి తెస్తారు? రెండు సంఘటనలూ ఒకే కొలతతో ముగించారు. ఇద్దరికీ హెచ్చరిక, ఇద్దరికీ ఒకరోజు భద్రత పాఠం. డెల్ఫీన్ అర్హత తిరిగి వచ్చింది. సంతకం పెట్టుకోవచ్చు.

కల్నల్ గారు కమాండర్‌గానే ఉన్నారు. నా మందలింపు అలాగే ఉంది, పదోన్నతి లేదు, కౌంటర్ ఉంది. ఇదే బేరం అని ముందే చెప్పి ఉంటే కూడా ఒప్పుకునేదాన్ని.

కబురు టిబ్స్ గారు కౌంటర్ దగ్గరికే వచ్చి చెప్పారు. డెల్ఫీన్ ఆయన చేతులు పట్టుకుని ఊపేసింది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. నావైపు చూసింది, మాట్లాడలేదు. ఒక్కదాన్నే తువ్వాళ్ళు మడత పెట్టాను. ఇప్పుడు బాగానే వస్తున్నాయి.

ఏప్రిల్ 17

ఇది మొత్తం రాయాలి.

మళ్ళీ సంతకం పెట్టేవాళ్ళు చెయ్యెత్తి ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం చేయించే అధికారి ఎవరో, ఎక్కడో ఎంచుకోవడం చేసేవాళ్ళ ఇష్టం. ఒకడు విమానం రెక్క మీద నిలబడి చేస్తాడు, ఒకడు గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసెలో చేస్తాడు. అడిగిన అధికారి కాదనకూడదు. అది అతనికి దక్కిన గౌరవం కింద లెక్క.

పొద్దున పదింటికి నేను తువ్వాళ్ళు సర్దుతుంటే టిబ్స్ గారు జెండా పట్టుకుని లోపలికి వచ్చారు. వెనక ఇస్త్రీ యూనిఫారంలో డెల్ఫీన్. ఆమె వెనక, పాడైన పాలు తాగినవాడి ముఖంతో, కల్నల్ ప్రూయిట్.

"ఇక్కడా?" అన్నారాయన.

"ఇక్కడే సర్," అంది డెల్ఫీన్. "రెండు నెలలు పనిచేసిన చోటు. మనసు పడ్డాను. మీ చేతుల మీదుగా కావాలని కూడా మనసు పడ్డాను. మీరు ఒప్పుకున్నందుకు చాలా సంతోషం సర్."

ఒప్పుకోక ఏం చేస్తారు? కాదంటే ఎందుకు కాదన్నారని స్క్వాడ్రన్ అంతా అడుగుతుంది. అడగడం ఇప్పుడు మావాళ్ళకు అలవాటైంది.

డెల్ఫీన్ నావైపు తిరిగింది. "జెండా వెనక పట్టుకునే మనిషి కావాలి. కౌంటర్ దాటి రా."

"నేను జిమ్ చొక్కాలో ఉన్నాను."

"నీ అందం చూడ్డానికి ఎవరూ రాలేదులే. రావే."

వెళ్ళాను. ఒక అంచు నేను, ఒక అంచు టిబ్స్ గారు పట్టుకున్నాం. కల్నల్ ఎదురుగా డెల్ఫీన్ నిలబడి కుడిచెయ్యి ఎత్తింది. బరువులెత్తేవాళ్ళు బరువులు దించారు. పరుగు యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి.

ఆయన ఒక్కో ముక్క చెప్పడం, ఆమె తిరిగి చెప్పడం. రాజ్యాంగాన్ని కాపాడతానంది. శత్రువులందరి నుంచీ కాపాడతానంది. దేశాధ్యక్షుడి ఆజ్ఞలు పాటిస్తానంది. తర్వాతి ముక్క వచ్చేసరికి ఆయన తొందరపడ్డారు.

"నా మీద నియమించిన అధికారుల ఆజ్ఞలను కూడా," అని గట్టిగా చెప్పి, ఆ తర్వాతి మాట గొంతులోనే నమిలేశారు.

డెల్ఫీన్ ఎత్తిన చెయ్యి దించలేదు. నోరు తెరవలేదు. ఆయన ఎదురుచూశారు. ఆమె కూడా ఎదురుచూసింది.

"సర్, చివరి మాట వినపడలేదు," అంది. "తప్పు చెప్తే ప్రమాణం చెల్లదు కదా. మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

"నిబంధనల ప్రకారం," అన్నారు.

"ఆ వెనకవాళ్ళకి వినపడలేదేమో సర్."

టిబ్స్ గారు ఆకాశంలోకి చూశారు. అక్కడ ఉన్నది జిమ్ పైకప్పు.

"నిబంధనల ప్రకారం!" అన్నారు కల్నల్ ప్రూయిట్. జిమ్ అంతా వినేలా అన్నారు.

"నిబంధనల ప్రకారం," అంది డెల్ఫీన్ నెమ్మదిగా, ఒక్కో అక్షరం ఆయన ముఖంలోకి చూస్తూ.

చప్పట్లు కొట్టారు. ఆయన కరచాలనం చేసి, సంతకం పెట్టి, టిబ్స్ గారు తెప్పించిన కేకు ముక్క కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. నేను జెండా పట్టుకునే నిలబడి ఉన్నాను. ఏడుస్తున్నాను. ఇక్కడ అబద్ధం రాసి ఏం లాభం? వెక్కి వెక్కి ఏడ్చాను, అందరి ముందూ.

డెల్ఫీన్ దగ్గరికొచ్చి నా చేతిలోంచి జెండా అంచు తీసుకుంది.

"ముక్కు తుడుచుకోవే బ్రెక్కీ," అంది. "వెనక బోలెడు తువ్వాళ్ళున్నాయి. తుడుచుకుని రా, భోజనానికెళ్దాం."